గ్లోబల్ వార్మింగ్ అనే బహానా

గ్లోబల్ వార్మింగ్ అనే మాట నేను పుస్తకాల సదువలేదు. ఒక మేడం ఫోన్ల తిడుతుంటే, ఏం జవాబు చెప్పాల్నో తెల్వక ఉంటే, దానంతట అదే నా నోట్లెకెళ్లి ఊడిపడ్డది.

మాది శామీర్‌పేట దిక్కు. మా నాయిన అంగూర్ తోట పెట్టిండు. నేను దాన్ని పీకి ప్లాట్లు జేసిన, ప్లాట్ల మీద అపార్ట్‌మెంట్లు కట్టిన. నాకు ఎవుసం రాలేదు గని నోరు మాత్రం మస్తుగ వచ్చింది. గా నోటి మీదనే బతుకుతున్న. ఫోన్ జేసిన మేడం నా దగ్గర పై అంతస్తుల ఫ్లాట్ కొన్నది. కోస్తా దిక్కు నుంచి వచ్చి మేడ్చల్ల ఉద్యోగం జేసే కుటుంబం.

"ఇల్లన్నారు, ఇది ఇల్లాండీ? పొయ్యిలో కూర్చున్నట్టుంది. ట్యాప్ తిప్పితే మరిగిన నీళ్లొస్తున్నాయి. చంటిపిల్లకి స్నానం ఎలా చేయించమంటారు?" అని ఒకటే వాయించుడు.

"నా చేతుల ఏమున్నది మేడం? గ్లోబల్ వార్మింగ్ గదా" అన్న.

తిట్టుడు ఆగింది. ఆమె "అదీ నిజమేలెండి" అని ఫోన్ పెట్టేసింది.

ఒక మాటకు గంత బలం ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. ఇగ అప్పట్నించి దాన్ని వదల్లేదు. బోరు ఎండితే గ్లోబల్ వార్మింగ్. గోడ పగిలి పర్రె వస్తే గ్లోబల్ వార్మింగ్. పార్కుల నేను పెట్టించిన గడ్డి నీళ్లు లేక సస్తే, అది గూడ గ్లోబల్ వార్మింగే. లిఫ్టు ఆగిపోయిన దినం గూడ గదే చెప్పిన. లిఫ్టుకు దానికి ఏం సంబంధమని అడిగిన మనిషి ఒక్కడే.

గా ఒక్క మనిషి మా అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల ఉండే సారు. కాకినాడ దిక్కు కాలేజీల ఫిజిక్స్ చెప్పి రిటైరైండు. సన్నగ, పొడుగ్గ, ఇస్త్రీ చొక్కా లేకుంటే గేటు దాటడు. గట్టిగ మాట్లాడడు. అదే పరేషాన్. లొల్లి పెట్టేటోన్ని నేను పదినిమిషాల్ల సల్లబరుస్త. మెల్లగ మాట్లాడేటోనితోని నాకు ఎప్పుడూ భయమే.

ఒక ఆదివారం కాలనీ మీటింగుల అందరి ముంగట లేచి నిలవడ్డడు. "ఏవండీ, గ్లోబల్ వార్మింగ్ అంటే ఏమిటో కాస్త చెప్తారా? మీరు రోజూ వాడుతున్నారు కదా."

నేను బెదరలేదు. "ఓజోన్ పొరకు బొక్క పడ్డది సారు. గా బొక్కలకెళ్లి ఎండ సీదా మన మీద పడుతాంది." చుట్టూ ఉన్నోళ్లు తలకాయలు ఊపిండ్రు. నాకు ధైర్యమొచ్చింది.

"అది వేరే సంగతండీ" అన్నడు సారు. "ఆ చిల్లు మెల్లగా పూడుతోంది కూడా. దేశాలన్నీ కూర్చుని, దానికి కారణమైన గ్యాసులు మానేద్దామని ఒప్పుకున్నాయి. మానేశాయి. పూడుతోంది."

"పూడుతాందా?" అన్న. నిజంగ బాధయ్యింది నాకు. మంచి బహానా చేతులకెళ్లి జారిపోయినట్టు అనిపించింది.

మీటింగు అయినంక సారు నా పక్కకు వచ్చిండు. చేతుల నా పాంప్లెట్ ఉన్నది. అండ్ల నేనే రాయించిన, 'శామీర్‌పేట గాలి, సహజమైన ఏసీ' అని. "నా దగ్గర రెండు థర్మామీటర్లున్నాయి. కొలుద్దామా?" అన్నడు. వద్దంటే భయపడ్డట్టు ఉంటది. సరే అన్న.

అప్పుడు నేను అక్కడికి దగ్గర్లనే కొత్త బిల్డింగు కడుతున్న. దాని పక్కనే మా చిన్నమ్మ అంగూర్ తోట. బాబాయి పోయి శానేండ్లయింది. చుట్టుపక్కల అందరు అమ్ముకున్నరు, ఆమె మాత్రం అమ్మలేదు. ఎకరంనర పందిరి, ఒక బోరు, ఆమె నోరు, మూడూ నడుస్తనే ఉన్నయి. ఏడాదికోపారి నేను పోయి అడుగుడు, ఆమె తిట్టుడు మా ఇంట్ల పండుగ లెక్క అయిపోయింది.

సారును వెంటబెట్టుకొని పోతే, చిన్నమ్మ పందిరి కిందికెళ్లి వంగి బయటికి చూసింది. "మళ్ల వచ్చినవా బిడ్డా? ఒక్కనివి అడిగితే ఇస్తలేనని ఇప్పుడు పెద్దమనిషిని గూడ తోలుకొచ్చినవా?"

"అడగడానికి కాదమ్మా. మీ నీడ కొలుద్దామని వచ్చాం" అన్నడు సారు.

చిన్నమ్మ నా దిక్కు చూసింది. "నీడను గూడ గజాల లెక్కన కొలుస్తున్రా ఇప్పుడు? థూ. అది గూడ అమ్ముతవారా నువ్వు?"

సారు పొట్ట పట్టుకొని నవ్విండు. ఆయన నవ్వంగ నేను చూసుడు అదే మొదటిసారి.

ఒక థర్మామీటర్ పందిరి కింద కట్టినం. ఇంకొకటి నా సైటుల వాచ్‌మన్ రేకుల షెడ్డుకు నీడ దిక్కు కట్టబోతే, సారు ఒప్పుకోలేదు. రేకు వేడి తగుల్తదంట. ఒక కర్ర పాతించి, పైన అట్ట నీడ పెట్టించి, గాలి ఆడేటట్టు వేలాడదీయించిండు. "ఎండలో పెడితే అది గాలి వేడి కాదండీ, థర్మామీటరు వేడి" అన్నడు. వారం దినాలు రోజు మధ్యాహ్నం రెండింటికి ఇద్దరం పోయి చూసుడే పని. ప్రతి దినం నా సైటుల అయిదారు డిగ్రీలు ఎక్కువ.

నాకు అనుమానం వచ్చింది. నాలుగో దినం సారు చిన్నమ్మతోని మాట్లాడుతుంటే, నేను సప్పుడు జేయకుండ రెండు థర్మామీటర్లను అటుది ఇటు, ఇటుది అటు మార్చిన. దొంగ థర్మామీటర్ అయితే దొరుకుతదని. మర్నాడు చూస్తే మళ్ల నా సైటులనే ఎక్కువ, అదే తేడా. ఇగ దాచలేక సారుకు చెప్పేసిన. కోపానికి వస్తడనుకున్న. ఆయన నా భుజం తట్టిండు. "శభాష్. ఇప్పుడు మీరు సైన్సు చేశారు."

పదో తరగతిల సైన్సు ఫెయిలయిన నాకు ఎవరన్న గా మాట అనుడు జిందగీల అదొక్కసారే.

అయినా ఒప్పుకుంటే నేనెట్లయిత? "అంటే ఏంది సారు, దునియా మొత్తాన్ని నేనొక్కన్నే వేడి జేసిన్నంటరా?"

"కాదండీ. ఇక్కడ రెండు వేడులున్నాయి. కలిపెయ్యకండి. తోట తీసేసి సిమెంటు పరిచారు, ఆ అయిదారు డిగ్రీలూ మీ సొంతం. రెండోది అందరిదీ. అదే గ్లోబల్ వార్మింగ్."

"మొన్న జనవరిల సలికి పండ్లు కొట్టుకున్నయి గదా. గప్పుడు యాడికి పోయింది మీ వార్మింగ్?"

"ఒక వారం ప్లాట్లు అమ్ముడుపోకపోతే మార్కెట్ పడిపోయిందంటారా మీరు?"

"ఎట్లంట? రెండు మూడేండ్లు చూడాలె."

"ఇదీ అంతే. ముప్ఫయ్యేళ్లు చూడాలి."

చిన్నమ్మ మాకు పల్లెంల అంగూర్లు పెట్టింది. సారు ఒక్కొక్కటే తినుకుంట అడిగిండు. "మీకు నాలాలు తెలుసుగా, వాననీళ్లు పోయే కాలవలు?"

"తెల్వకపోవుడేంది? గని సారు, నాలా మీద ప్లాట్లు జేసింది నేను గాదు, మా బామ్మర్ది."

"నేనెవర్నీ అనలేదండీ" అని నవ్విండు. "వానకి పైనుంచి నీళ్లు వచ్చేవి వస్తాయి. కింద దారి ఇరుకు చేస్తే ఏమవుతుంది?"

"నీళ్లు ఎక్కుతయి."

"ఎంతవరకు?"

ఇది నాకు బాగ ఎరుక. గాజులరామారంల నేను కట్టిన ఒక బిల్డింగు సెల్లార్ల నడుము లోతు నీళ్లు నిలవడంగ నా కండ్లతోని చూసిన. "వచ్చినన్ని నీళ్లు గా ఇరుకుల నుంచే పోయేదాక ఎక్కుతయి. ఆడ ఆగుతయి."

"భూమి కూడా అంతే. సూర్యుడి వేడి వచ్చేది వస్తోంది. మనం బొగ్గు, డీజిలు, పెట్రోలు తగలేసి వదిలిన గ్యాసు ఆ వేడి తిరిగి బయటికి పోయే దారిని ఇరుకు చేస్తోంది. వదులుతూనే ఉన్నాం కాబట్టి దారి ఇంకా ఇరుకవుతూనే ఉంది. వేడి ఎక్కుతూనే ఉంది."

నా నోట్ల అంగూర్ పండు అట్లనే ఉండిపోయింది. నాకు అర్థమయింది. అర్థం గావొద్దనుకున్న గని అయిపోయింది.

"మరి గా వేడి అంత యాడికి పోతాంది?"

"ఎక్కువ భాగం సముద్రంలోకే. మంచు కరుగుతోంది, నీటిమట్టం పెరుగుతోంది. వడగాడ్పులు ముదురుతున్నాయి. వాన కూడా అంతే, పడితే ఒక్కసారే ముంచేస్తోంది, లేకపోతే మొహం చాటేస్తోంది."

నా నోరు ఊకుంటదా? "ఇంకా మంచిదే సారు. మేడ్చల్ దాక సముద్రమొస్తే, బీచ్ ఫేసింగ్ అని ఇంకింత రేటు చెప్తం."

సారు నవ్వలేదు. చేతుల ఉన్న పండు పల్లెంల పెట్టిండు. "మా అక్కయ్య ఇల్లు ఒడ్డున ఉండేదండీ. ఇప్పుడు ఆ వీధే లేదు. అంతా దీనివల్లేనని చెప్పను, ఇసుక కోత ఉంది, ఇంకా కారణాలున్నాయి. కానీ ఇదీ ఉంది."

చిన్నమ్మ నా తలకాయ మీద ఒక్కటి ఇచ్చింది. యాభై దాటినోన్ని అని గూడ చూడలేదు.

ఇంతటితోని నేను మారిపోయిన్నంటే అది అబద్ధమైతది. మే నెల వచ్చింది. నా బిల్డింగుకు రెండో స్లాబు పోసే దినం. కాంక్రీట్ కలిపే మిషన్ సూరారం నుంచి రావాలె. పొద్దుగాల ఆరింటికి వస్తనన్న డ్రైవరు, గండిమైసమ్మ దగ్గర టైరు పేలి, పదకొండు దాటినంక వచ్చిండు. స్లాబు ఒక్కసారి షురూ జేస్తే నడిమిట్ల ఆపొద్దు. ఆపితే అతుకు పడ్డ కాడ నీళ్లు దిగుతయి.

మేస్త్రి నా దగ్గరికి వచ్చి తలకాయ గోక్కున్నడు. "సేటు, ఎండ మస్తుగున్నది. రేపు పొద్దుగాల పోసుకుందమా?"

"మిషన్ వచ్చినంక రేపేంది? మజ్జిగ తెప్పిస్త, కానియ్యి జల్దీ" అన్న. అని, ఏసీ కారుల కూసుని ఫోన్ మాట్లాడుకుంట ఉన్న. ఇది రాయనీకి నాకు ఇష్టం లేదు. గని కారుల కూసున్న మాట నిజం.

పాలమూరు దిక్కు ఆడోళ్లు వరుసగ నిలవడి తట్టలు అందిస్తున్నరు. ఒంటిగంట దాటిందో లేదో, సెంట్రింగు నిచ్చెన దగ్గర లొల్లి అయింది. ఉరికి చూస్తే ఒకామె కింద పడి ఉన్నది. ముప్ఫై ఏండ్లు ఉంటయేమో. ఒళ్లు కాలుతాంది, చెమట చుక్క లేదు. కండ్లు తెరిచే ఉన్నయి గని, ఏందో ఏందో మాట్లాడుతాంది. చెల్లెను పిలుస్తాంది. ఆమెకు అక్కడ చెల్లె లేదు.

ఎవరో నీళ్ల సీసా ఆమె నోట్లె పెట్టబోయిండ్రు. ఎనుక నుంచి ఒక అరుపు. "నోట్లో పొయ్యకండి! స్పృహ సరిగ్గా లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటి మీద పొయ్యండి. నీడలోకి తీసుకెళ్లండి ముందు!"

సారే. వారం ఎప్పుడో అయిపోయినా ఆయన థర్మామీటర్ చూసుడు మానలేదు, గా దినం జర ముందుగాల వచ్చిండు. గా మనిషి గంత గట్టిగ అరుస్తడని నాకు తెల్వది.

నా సైటుల నీడ యాడున్నది? ఉన్న ఒక్క షెడ్డు రేకుల షెడ్డు, అండ్ల నిలవడితే మాంసం ఉడుకుతది. ఆమెను నేను, మేస్త్రి ఎత్తుకొని కంచె దాటి చిన్నమ్మ పందిరి కిందికి ఉరికినం. చిన్నమ్మ ఒక్క మాట అడగలేదు. బోరు స్విచ్ వేసి పైపు పట్టుకొచ్చింది. నన్ను, మేస్త్రిని పక్కకు నూకి, ఆమె కొంగు వదులు జేసి, తల నుంచి కాళ్ల దాక నీళ్లు పట్టింది. సారు నా కారుల ఉన్న పాంప్లెట్ల కట్ట తెచ్చి ఆమెకు విసురుతున్నడు. గాలి, నీళ్లు, గాలి, నీళ్లు. జర సేపటికి మాటలు తగ్గినయి. అప్పుడు కారుల పండబెట్టి, మేడ్చల్ల దవాఖానకు తోలుకపోయినం. తోవ పొడుగునా చిన్నమ్మ ఆమెకు తడిగుడ్డ అద్దుకుంటనే ఉన్నది. నా సీట్లు అన్నీ నీళ్లు. వాటి గురించి ఆలోచించినందుకు నాకు నా మీదనే రోత పుట్టింది.

దవాఖాన వరండాల ఆమె మొగడు ఉరికొచ్చిండు. వేరే సైటుల పని చేస్తడు, కాళ్లకు సిమెంట్ అట్లనే ఉన్నది. "ఏమయింది సేటు? ఎట్లయింది?" అని నా చేతులు పట్టుకున్నడు.

నా నోటికి అలవాటైన మాట ఉన్నది గదా, అదే వచ్చింది. "ఎండలు గట్లున్నయి బిడ్డా. గ్లోబల్ వార్మింగ్."

సారు నా మొఖం దిక్కు చూసిండు. నన్ను జర పక్కకు పిలిచి మెల్లగ అన్నడు. "ఎండలు ముదిరాయి, అది నిజమే. కానీ మధ్యాహ్నం పన్నెండుకి స్లాబు పొయ్యమన్నది గ్లోబల్ వార్మింగ్ కాదండీ. ఎండలు ముదిరాయని మీకు తెలుసు. నేనే చెప్పాను. మీరే కొలిచారు."

వెనుకకు తిరిగి ఆమె మొగని దగ్గరికి పోయి చెప్పిన. "తప్పు నాది. పొద్దుగాల పోయాల్సిన స్లాబు మధ్యాహ్నం పోయించిన." ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు. గోడకు ఆనుకొని కూసున్నడు, అంతే.

మూడు దినాలు ఉంచుకున్నరు ఆమెను. బతికింది. జర ఆలస్యమయితే కిడ్నీలు పోయేటివని డాక్టరు అన్నడు. మూడో దినం నేను పండ్లు పట్టుకొని పోతే, ఆమె లేచి కూసుని కొంగు సర్దుకున్నది. నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది. "స్లాబు మొత్తం అయిందా సేటు?"

అయిందమ్మా అని చెప్పి బయటికి వచ్చి, దవాఖాన మెట్ల మీద చాలాసేపు కూసున్న. నిజానికి స్లాబు కాలేదు. మేస్త్రి ఆపేసిండు. నడిమిట్ల అతుకు పడ్డది. దాన్ని తర్వాత కొట్టి మళ్ల పోయించినం. గా మాట ఆమెకు చెప్తే బాధపడుతదని చెప్పలేదు. గిట్లాంటి మనుషులు కడితే, నేను నా పేరు చెప్పుకొని అమ్ముకుంటున్న.

ఇగ పని టైము మార్చిన. ఎండకాలం నాలుగు నెలలు పొద్దుగాల ఆరింటికి షురూ, పదకొండింటికి బంద్. మళ్ల నాలుగింటికి. రేకుల షెడ్డు పీకించి, తాటాకు పందిరి వేయించి, కింద నీళ్ల కుండలు పెట్టించిన. ఆమె రెండు నెలలకు తిరిగి పనికి వచ్చింది. తట్ట మోయొద్దని, నీళ్లు, నీడ, టైము చూసే పని ఇచ్చిన. ఇప్పుడు పదకొండు కొట్టంగనే ఆమె ఈల ఊదుతది. నేను నిలవడి "ఇంకొక్క పదినిమిషాలు" అన్నా ఇనది.

పై అంతస్తు మేడం ఇంటికి గూడ పోయిన. డాబా మీద తెల్లటి కూలింగ్ పెయింట్ రెండుసార్లు వేయించిన. "ఇదేదో కట్టినప్పుడే వేస్తే సరిపోయేది కదండీ" అన్నది ఆమె. సరిపోయేదే.

నన్ను మహాత్ముడనుకునేరు. డీజిల్ కారు ఇంకా నడుపుతున్న. ఇంట్ల ఏసీలు మూడు. "ఒక్కటి బంద్ పెడుదమే" అంటే మా ఇంటామె "నువ్వు బయట కూసో, సరిపోతది" అన్నది. చిన్నమ్మ భూమి అడుగుడు మాత్రం మానేసిన. మంచితనం ఏం కాదు. ఆమె మొఖం చూస్తే ఆ నీళ్ల పైపు యాదికొచ్చి నోరు తెరుసుకుంటలేదు.

ఈ ఏడాది మార్చిల రాళ్లవాన పడి చిన్నమ్మ పంట సగం రాలిపోయింది. కోపంతోని సారు దగ్గరికి పోయి, "ఇదన్నా గ్లోబల్ వార్మింగే అనుండ్రి సారు" అన్న. "ఈ ఒక్క వాన గురించి నేను చెప్పలేనండీ" అన్నడు. గంత కష్టంల గూడ ఒక్క అబద్ధం ఆడడు గా మనిషి.

మొన్న ఏప్రిల్ల మా బిల్డర్ల మీటింగు ఒక ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు. కూలీల పని టైము మీద మాట్లాడమని నన్ను మైకు దగ్గరికి తోసిండ్రు. హాల్ల ఏసీ ఎంత పెట్టిండ్రంటే, ఎండల గురించి మాట్లాడుకుంట నేను వణుకుతున్న. ముందు వరుసల ఒకాయన శాలువా కప్పుకున్నడు. నాలా సంగతి చెప్పిన, నవ్విండ్రు. థర్మామీటర్ల సంగతి చెప్పిన, అప్పుడు గూడ నవ్విండ్రు. తట్ట మోసే ఆమె సంగతి చెప్తే ఎవరూ నవ్వలేదు. సప్పట్లు గూడ కొట్టలేదు. గమ్మున లేచి అన్నాలకు పోయిండ్రు.

పల్లెం పట్టుకొని బిర్యానీ వరుసల నిలవడితే, దుండిగల్ దిక్కు కట్టే ఒకాయన నా వెనుక వచ్చి నిలవడ్డడు. చుట్టూ చూసి, ఎవరికీ ఇనవడకుండ నా చెవిల అడిగిండు. "అన్నా, నిజం చెప్పు. పొద్దుగాల ఆరింటికి కూలోళ్లు నిజంగ వస్తరా?"

"వస్తరు తమ్మీ. అయిదున్నరకే వస్తరు. మనమే లేస్తలేం" అన్న.